ఏడాదికి అయిదారు బొమ్మలు: వి.ఎస్. గైతోండే పనితీరు మీద ఒక కేస్ స్టడీ

పోయినేడు ఒక గ్యాలరీ వాళ్లు ఫోన్ చేశారు. కొత్తగా కట్టిన ఆఫీసు బిల్డింగుకి పన్నెండు అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు కావాలట, అదీ మూడు వారాల్లో. "సోఫాల ఫొటో వాట్సాప్‌లో పెడతాం సార్, ఆ రంగుకి కలిస్తే చాలు" అన్నాడు కుర్రాడు. సరేనన్నాను. ఇంటి లోను కట్టుకోవాలి కదా. పన్నెండూ వేసిచ్చాను. సగం డబ్బు వచ్చింది, మిగతా సగం కోసం ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను. అది అలా ఉంచితే, నన్ను నిజంగా కలవరపెట్టింది ఇంకొకటి. నెల తిరక్కుండానే ఆ పన్నెండులో ఒక్క బొమ్మ కూడా నాకు గుర్తు లేదు. ఫోన్లో ఫొటోలు తీసి చూసుకుంటే ఎవరో వేసినట్టున్నాయి.

చిత్రకారుడు గైతోండేని మళ్లీ పట్టుకున్నది అప్పుడే. కాలేజీ రోజుల్లో లైబ్రరీ పుస్తకంలో చూసి "బాగుంది, పసుపు రంగు" అనుకుని పేజీ తిప్పేసినవాణ్ణి. ఈసారి ఒకే ఒక్క ప్రశ్నతో కూర్చున్నాను. ఈయన ఏడాదికి అయిదారు కాన్వాసులకు మించి వేసేవారు కాదంటారు. మరి మిగతా రోజులన్నీ ఏం చేసినట్టు?

"హైదరాబాద్‌లో ఉంటూ తెలుగువాణ్ణి తీసుకోవచ్చు కదా" అని నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. గుడివాడలో పుట్టి, మద్రాసులో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ దగ్గర చదువుకుని, లండన్ మీదుగా చికాగో చేరిన ఎస్.వి. రామారావు ఉన్నారు. ఆయన మీద విడిగా రాయాలి. కానీ నా జబ్బు తొందరపాటు. దానికి మందు గైతోండే దగ్గరే ఉందనిపించింది.

వాసుదేవ్ సంతూ గైతోండే 1924 నవంబర్ 2న నాగ్‌పూర్‌లో పుట్టారు. కుటుంబానిది గోవా. పెరిగింది ముంబై గిర్‌గావ్‌లో, చాల్ ఇంట్లో, అంటే వరసగా చిన్న చిన్న వాటాలున్న భవనంలో. జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1948లో డిప్లొమా తీసుకున్నారు. 1950లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అనే ముంబై ఆధునిక చిత్రకారుల బృందం వాళ్లు పిలిచి చేర్చుకున్నారు. ఆ పేరు వినగానే హుసేన్, రజా, సూజా అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నట్టు ఊహించుకుంటాం. నిజానికి సూజా 1949లోనే లండన్ వెళ్లిపోయారు, రజా 1950లో పారిస్ బయల్దేరారు. గైతోండే చేరేసరికి ఆ ఇల్లు ఖాళీ అవుతోంది. ఆయనకి ఆ గ్రూపు వల్ల ఒరిగింది ఎంతో నాకు అనుమానమే.

మొదట్లో ఆయన వేసినవి నైరూప్యాలు, అంటే అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు కావు. మనుషులున్న బొమ్మలే. బసోలీ అనే పహాడీ శైలి సూక్ష్మచిత్రాలు, జైన తాళపత్రాల మీది చదునైన రంగులు, కోణాలు తిరిగిన గీతలు ఆ బొమ్మల్లో కనిపిస్తాయి. తర్వాత యూరప్ చిత్రకారుడు పాల్ క్లీ ప్రభావం వచ్చింది. క్లీ దగ్గర ఆయన పట్టుకున్నది గీత. ఆ గీత మనిషిని చుట్టడం మానేసి తనకు తానుగా నడవడం మొదలుపెట్టింది. 1957లో టోక్యోలో జరిగిన యువ ఆసియా చిత్రకారుల ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేసరికి గీత కూడా పోయింది. మిగిలింది రంగు.

ఇదంతా జరిగిన చోటు గురించి ఒక మాట. ముంబై వార్డెన్ రోడ్డులో భూలాభాయ్ దేశాయ్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి ఉండేది. ఒక గదిలో గైతోండే, ఇంకో గదిలో హుసేన్. అదే ఆవరణలో రవిశంకర్ సితార్ నేర్పేవారు, నాటక దర్శకుడు అల్కాజీ రిహార్సల్స్ చేయించేవారు. కిందికి దిగితే సముద్రం. చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ గైతోండేకి పరిచయమైంది అక్కడే. తర్వాత ఆవిడ సన్నటి పెన్సిలు గీతలతో సొంత దారి వేసుకున్నారు. గైతోండే గంటల తరబడి సముద్రం వైపు చూస్తూ కూర్చునేవారని ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్పుకునేవారు. ఈ సముద్రం సంగతి విన్నప్పుడల్లా నాకు కొంచెం చిరాకు వేసేది. "చూస్తూ కూర్చునేవారు" అంటే పనేం చేయలేదనేగా? ఆ చిరాకు ఎంత తప్పో నా మూడో కాన్వాస్ దగ్గర తెలిసింది. అక్కడికి వస్తాను.

మిగతా జీవితం గబగబా చెప్పేస్తాను. 1963లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన 1962 నాటి బొమ్మ ఒకటి తీసుకుంది. 1964, 65 లలో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్‌లో ఉన్నారు. 1971లో పద్మశ్రీ. 1972లో ఢిల్లీ మారిపోయి నిజాముద్దీన్ ఈస్ట్‌లో ఒక బర్సాతీలో ఉన్నారు. బర్సాతీ అంటే మేడ మీది గది, ముందు కాస్త డాబా. 2001 ఆగస్టు 10న పోయారు.

ఆ తారీకుల వరసలో ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోవాలి. "అమెరికా వెళ్లి రోత్కోని చూసి వచ్చి వేశాడండీ" అని మన దగ్గర పెద్దవాళ్లే అనేస్తుంటారు. రోత్కో అంటే కాన్వాస్ నిండా పెద్ద పెద్ద రంగు పట్టీలు వేసిన అమెరికన్ చిత్రకారుడు. మ్యూజియం కొన్నది 1962 బొమ్మ. ఫెలోషిప్ 1964లో. వెళ్లక ముందే ఈ దారిలో చాలా దూరం వచ్చేశారు. వెళ్లాక చూసిందేదో చూసి ఉంటారు, అది వేరే సంగతి.

ఇక పని దగ్గరికి.

ఆయన తన బొమ్మల్ని అబ్‌స్ట్రాక్ట్ అనేవారు కాదు, నాన్-ఆబ్జెక్టివ్ అనేవారు. మాటల గారడీలా ఉంటుంది గానీ తేడా ఉంది. అబ్‌స్ట్రాక్ట్ అంటే ఒక వస్తువు ఉంది, దాన్ని చెరిపి చెరిపి సారం తీశారు అని. చెట్టు నుంచి ఆకుపచ్చ మిగిల్చినట్టు. ఆయన ఈ బొమ్మలకి వెనక అసలు చెట్టే లేదు. ఈ తేడా తెలిశాక క్లాసులో "ఇది ఏంటి సార్, కొండా?" అనే ప్రశ్నకు జవాబివ్వడం నాకు తేలికైంది.

మౌనం గురించి ఆయన మాట ఒకటి చాలామంది చెబుతారు. అన్నీ మౌనం నుంచే మొదలవుతాయని, కుంచెకీ కాన్వాసుకీ నైఫుకీ ఎవరి మౌనం వాళ్లకుంటుందని, వాటన్నిటినీ ముందు లోపలికి తీసుకోవాలని ఆ మాట సారాంశం. జెన్ బౌద్ధం చదివారు. రమణ మహర్షి మీద గురి ఉండేది. ముంబైలో బీడీల కొట్టు నడుపుకుంటూ బోధించిన నిసర్గదత్త మహరాజ్ మాటలు, మదనపల్లెలో పుట్టిన మన జిడ్డు కృష్ణమూర్తి మాటలు ఆయన్ని పట్టుకున్నాయి. ఇవన్నీ నిజాలే. అయితే ఈయన మీద రాసే ప్రతివాళ్లూ ఇక్కడే ఆగిపోయి, దండం పెట్టేసి వెళ్లిపోతారు. నేను బొమ్మలు వేసుకుని బతికేవాణ్ణి. మౌనం ఏ డబ్బాలో దొరుకుతుందో, దాన్ని కాన్వాస్ మీద ఎలా రాస్తారో నాకు కావాలి.

చేతిలో ఉన్నవి చూద్దాం. కుంచెని ఆయన దాదాపు పక్కన పెట్టేశారు. పెయింటింగ్ రోలర్, రంగు కలిపి పూసే చిన్న కత్తి (పాలెట్ నైఫ్), చింపిన కాగితాలు. కాన్వాసులు 1960ల చివరికొచ్చేసరికి ఎక్కువగా నిలువువి, అయిదడుగుల ఎత్తు, మూడడుగుల పైచిలుకు వెడల్పు. ఆయిల్ రంగుని పలచగా రోలరుతో పొర మీద పొర ఎక్కించడం, దాని మీద చింపిన కాగితం ముక్కలు వేసి అదిమి తీసేయడం, నైఫుతో లాగేయడం. కాగితంతో పాటు రంగు కొంత లేచిపోతుంది, కొంత కొత్తగా అంటుకుంటుంది. అక్కడ ఒక ఆకారం మిగులుతుంది, ఎవరి చెయ్యీ గీయనట్టు.

రోలర్ ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. కుంచెతో ఎంత జాగ్రత్తగా వేసినా ఆ దెబ్బలో మన మణికట్టు ఉంటుంది. ఎటు నుంచి ఎటు లాగావో, ఎక్కడ తడబడ్డావో చూసేవాడికి తెలిసిపోతుంది. రోలర్ ఆ గుర్తు తుడిచేస్తుంది. రంగు పైనుంచి వేసినట్టు కాక లోపలి నుంచి ఊరినట్టు కనబడుతుంది. ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన కాన్వాస్ ముందు నిలబడ్డ రోజున నేను చేసింది ఒకటే, కుంచె గుర్తు కోసం వెతకడం. దూరం నుంచి అంతా నీళ్లలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే నైఫ్ ఆగిన చోట రంగు గట్టిపడి చిన్న గట్టులా నిలబడి ఉంటుంది. సెక్యూరిటీ ఆయన "సర్, లైన్ దాటకండి" అని హిందీలో రెండుసార్లు అన్నాడు.

చదివితే సరిపోదని మూడు కాన్వాసులు కట్టుకున్నాను. ఒక్కోటి 30 అంగుళాల ఎత్తు, 20 వెడల్పు. గోడలకి రంగులేసే షాపులో నాలుగంగుళాల స్పాంజి రోలర్లు రెండు. రంగులో కలిపే అవిసె నూనె (లిన్‌సీడ్ ఆయిల్), దాన్ని పలచన చేసే టర్పెంటైన్ మామూలే. నోట్‌బుక్‌లో తారీకులు వేసుకున్నాను.

మొదటిది ఎండాకాలంలో. ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపులో తెలుపు కలిపి కింద పొర రోలరుతో ఎక్కించి ఒక్క రోజు ఆగాను. మే నెల హైదరాబాద్ కదా, ఆరిపోయి ఉంటుందనుకున్నాను. ఇక్కడే నాకు తెలిసీ మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆయిల్ రంగు బట్టలు ఆరినట్టు ఆరదు. టర్పెంటైన్ ఎగిరిపోతుంది నిజమే, కానీ నూనె గాలిలో ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. ఎండ కొంత సాయం చేస్తుందే గానీ ఒక్క రాత్రిలో పని అవదు. పైన రెండో పొర వేసి, న్యూస్‌పేపర్ చింపి అతికించి, పొడి రోలరుతో అదిమి లాగాను. పేపరుతో పాటు కింద పొర కూడా చెక్కలు చెక్కలుగా ఊడొచ్చింది. ఊడని చోట పేపర్ మీది సిరా టర్పెంటైన్‌కి కరిగి కాన్వాస్‌కి అంటుకుంది. వరి కొనుగోళ్ల వార్త, అక్షరాలు తిరగేసి. "ఏమండీ, ఇది అద్దంలో పెట్టి చదువుకోవాలా?" అంది మా ఆవిడ టీ గ్లాసు పెడుతూ. ఆ కాన్వాస్ పోయింది.

రెండోదానికి బుద్ధిగా ఉన్నాను. కింద పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ. ఇది ఫస్టియర్లో చెప్పే పాఠమే, లేకపోతే పై పొర ముందు బిగుసుకుని తర్వాత పగుళ్లిస్తుంది. బర్న్ట్ అంబర్ కలిపాను, అది త్వరగా ఆరే రంగు. పన్నెండు రోజులు ముట్టుకోలేదు. తర్వాత పలచటి రెండో పొర వేసి, ఈసారి రెండు రకాల కాగితాలు వాడాను. అచ్చు లేని పొడి న్యూస్‌ప్రింట్ ఒకటి, పాత మ్యాగజైన్ నిగనిగలాడే పేజీ ఇంకొకటి. న్యూస్‌ప్రింట్ నూనెని పీల్చేసుకుంది. అది లేచిన చోట రంగు మెరుపు పోయి సున్నం కొట్టిన గోడలా అయింది. మ్యాగజైన్ పేజీ పీల్చుకోలేదు. లాగేటప్పుడు రంగుని తనతో పాటు పైకి పట్టి వదిలింది, అక్కడ ఆకు ఈనెల్లా సన్నటి గీతలు లేచాయి. ఒకే రంగు, ఒకే పొర, రెండు కాగితాలతో రెండు రకాల వెలుగు. పొద్దున కిటికీ పక్కన పెడితే ఒక మచ్చ వెనక్కి వెళ్తుంది, సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద అదే ముందుకొస్తుంది. ఆయన కాన్వాసుల్లో ఏదో తేలుతున్నట్టు, మునుగుతున్నట్టు ఉంటుందని అందరూ రాసేది ఇలాంటిదే అయ్యుండాలి. ఆయన ఏ కాగితం ఎక్కడ వాడారో నేను చెప్పడం లేదు. నా చేతికి దొరికింది మాత్రం ఇది.

మూడోది వానాకాలంలో మొదలైంది. ఐవరీ బ్లాక్ ఎక్కువ పడింది. అది నిదానంగా ఆరే రంగు, పైగా గాలిలో తేమ. వారమైంది, పది రోజులైంది, వేలు పెడితే అంటుతూనే ఉంది. చేసేదేం లేక రోజూ దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. అలవాటు కొద్దీ. ఎడమ పక్క కింద ఒక చోట రోలర్ జారి రంగు మందంగా పడింది. ఆరగానే దాన్ని కప్పేయాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. అయిదో రోజుకి అది తప్పులా లేదు. తొమ్మిదో రోజుకి కాన్వాస్ మొత్తం దాని మీదే నిలబడినట్టుంది, పైన నేను కష్టపడి తీర్చిన భాగమే అనవసరం అనిపించింది. పదిహేడో రోజున ఆ పై భాగాన్ని నైఫుతో లాగేశాను, కింద మచ్చని వదిలేశాను. మొదటి రోజే రంగు ఆరిపోయి ఉంటే ఉల్టా చేసేవాణ్ణి. సందేహం లేదు.

సముద్రం చూస్తూ కూర్చోవడం మీద నాకున్న చిరాకు ఆ రోజుతో తీరింది.

నోట్‌బుక్ తీసి లెక్క వేశాను. మూడు కాన్వాసులకి నాలుగున్నర నెలలు పట్టింది. ఒకటి పోయింది, రెండు నిలిచాయి. ఈ లెక్కన ఏడాదికి అయిదు. గైతోండే సంఖ్య! నవ్వొచ్చింది. ఆ అయిదారు అనే అంకెని ఇన్నాళ్లూ తపస్సు అనుకున్నాను. ఆరడానికి పట్టే రోజులు, చూడటానికి పట్టే రోజులు, పారేయాల్సినవి పారేస్తే మిగిలేవి కలుపుకుంటే వచ్చే అంకె అదే. నావి చిన్న కాన్వాసులు, ఆయనవి పెద్దవి, పొరలు ఎక్కువ. కాబట్టి ఈ పోలిక మరీ సాగదీయను.

"ఒకటి ఆరేలోపు ఇంకో మూడు మొదలుపెట్టొచ్చు కదా సార్" అన్నాడు ఒక విద్యార్థి. పెట్టొచ్చు. పెట్టాను కూడా. జరిగిందేమిటంటే, కష్టంగా ఉన్న కాన్వాస్ ఎదుట కూర్చోవాల్సిన గంటలో తేలిగ్గా ఉన్న దాని దగ్గరికి వెళ్లిపోయాను. అది చేయి తిరిగిన పని, తప్పించుకోవడానికి బాగా పనికొస్తుంది. ఆ ఆఫీసు బిల్డింగు పన్నెండూ అలా వేసినవే.

ఈ కేసులో అందరూ దాటేసే భాగం 1984. ఆ ఏడాది ఢిల్లీలో పెద్ద ప్రమాదం జరిగింది. ఆ తర్వాత పెద్ద కాన్వాసుల మీద కొన్నేళ్లు పని చేయలేకపోయారు. నిలువెత్తు కాన్వాస్ ముందు నిలబడి రోలర్ తిప్పడం భుజాలతో, నడుముతో చేసే పని. శరీరం సహకరించకపోతే ఎంత మౌనం ఉన్నా లాభం లేదు. ఆ మధ్యకాలంలో, 1985 నుంచి 87 దాకా, కాగితం మీద ఇంకుతో చిన్న చిన్న బొమ్మలు వేశారు. తెల్ల కాగితం, నల్ల గుర్తులు. ఏదో లిపిలా ఉంటాయి, చదవబోతే అక్షరం దొరకదు. రోలర్ వచ్చాక ఆయన వదిలేసిన గీత మళ్లీ ఇక్కడ తిరిగొచ్చింది. నాకు వ్యక్తిగతంగా ఆయన మొత్తం పనిలో ఇవే ఎక్కువ ఇష్టం. నడుంనొప్పి ఉన్న ప్రతి చిత్రకారుడూ వీటిని చూడాలి. తర్వాత కాన్వాస్‌కి తిరిగొచ్చి 1990లలోనూ వేశారు, దశాబ్దం చివర్లో ఆపేశారు.

డబ్బు గురించి చెప్పకుండా ఈ కేసు మూయలేను. 2013 డిసెంబరులో ముంబైలో జరిగిన వేలంలో ఆయన 1979 కాన్వాస్ రూ. 23.7 కోట్లకు పోయింది. 2015లో 1995 నాటిది రూ. 29.3 కోట్లు. 2021లో 1961 నాటి బొమ్మ దాదాపు 40 కోట్లు. మధ్యలో 2014 అక్టోబరు నుంచి 2015 ఫిబ్రవరి దాకా న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టారు. ఈ అంకెలన్నీ ఆయన పోయిన పన్నెండేళ్ల తర్వాతవి. బతికున్నప్పుడు మేడ మీద ఒక గది, కాసిని పుస్తకాలు, పాటలు. తక్కువ వేశారు కాబట్టి ధర పెరిగిందని వ్యాపారులు అంటారు. అది వాళ్ల లెక్క. రేపు కోట్లు వస్తాయని ఇవాళ తక్కువ వేసేవాడెవడూ ఉండడు, ఇవాళ అన్నం తినాలి కాబట్టి.

ఇక్కడే ఆయన దారి నాకు అచ్చంగా పనికిరాదని ఒప్పుకోవాలి. ఆయనకి పెళ్లి లేదు, పిల్లల ఫీజులు లేవు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కోసం చిత్రాలు కొన్న హోమీ భాభా లాంటి మనిషి ఆ రోజుల్లో ముంబైలో ఉన్నారు. ఆ సేకరణలో గైతోండే బొమ్మలూ ఉన్నాయి. నాకు శని, ఆదివారాలు క్లాసులుంటాయి, నెలకో కంతు ఉంటుంది. ఆయన జీవితాన్ని పూజగదిలో పెట్టి, మనం అలా ఉండలేకపోయామే అని ఏడవడం నాకు నచ్చదు.

మార్చుకోగలిగింది మార్చుకున్నాను. ఆఫీసు ఆర్డర్లు వేస్తాను, త్వరగా ఆరిపోయే యాక్రిలిక్ రంగుల్లో, వేరే గదిలో. వాటికి వేరే సంతకం. ఆయిల్ ఒక్క కాన్వాసే నడుస్తుంది, అది తేలే దాకా రెండోది కట్టను. కాన్వాస్ ఎదురుగా కుర్చీ గోడకి జరగకుండా ఉండాలని దాని కాళ్ల చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. రోజూ ఒకే దూరం నుంచి చూడటానికి. క్లాసులో కూడా నలభై నిమిషాల్లో అబ్‌స్ట్రాక్ట్ ముగించే ఎక్సర్‌సైజు తీసేశాను. ఇద్దరు పేరెంట్స్ ఫోన్ చేశారు, నెలైనా పిల్లాడు బొమ్మ ఇంటికి తేలేదని. ఆరలేదండీ అని చెప్పాను.

ప్రస్తుతం ఈజెల్ మీద ఉన్నది నాలుగోది. 40 అంగుళాల నిలువు, ముదురు ఆకుపచ్చ, మూడు పొరలయ్యాయి. నిన్న పొద్దున వేలి వెనక భాగంతో తాకి చూశాను. కుడి మూల ఇంకా అంటుతోంది.